చదివి వినిపించగా

మా పిల్లలు చదివే బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమెకు ఆ పని పోయింది. పోవడానికి కారణం నా చేతిరాత. ఈ సంగతి చిత్తూరులో కనీసం పదిమందికి తెలుసు. నేను మాత్రం ఇన్నాళ్లూ నా నోటితో ఎవరికీ చెప్పలేదు.

నేను దస్తావేజు లేఖరిని. రిజిస్ట్రార్ ఆఫీసుకు ఎదురుగా రేకుల షెడ్డులో నా బల్ల ఉంటుంది. ఇంటి స్థలం కొన్నా, మామిడి తోట అమ్మినా, అన్నదమ్ములు భాగాలు పంచుకున్నా కాగితం నేను రాస్తాను. ఇప్పుడు కంప్యూటర్లో కొట్టిస్తున్నాం గానీ మాటలు పాతవే. నాలుగు దిక్కుల హద్దులూ రాసి, చివర ఒక వాక్యం చేరుస్తాం: ‘పై విషయములు చదివి వినిపించగా సరియని ఒప్పుకొని సంతకము చేయడమైనది.’ ఈ వాక్యం లేని కాగితం మా చేతి నుంచి బయటికి పోదు. నిజంగా చదివి వినిపించే లేఖరులు తక్కువ. నేను వినిపించేవాడిని. షెడ్డులో మిగిలినవాళ్లు నన్ను ‘హరికథ’ అని ఎగతాళి చేసేవాళ్లు. నాకు అది లోపల గర్వంగానే ఉండేది.

వంటామె ఇంటి స్థలం కాగితం కూడా నేనే రాశాను. చదివి వినిపిస్తుంటే ఉత్తరం హద్దు దగ్గర ఆపింది.

“ఉత్తరం పక్క దోవ గాదన్నా. మా మరిది గోడ ఉండాది ఆడ. దోవ పడమరకు.”

పాత కాగితంలోనే తప్పు పడి ఉంది. దిద్దాను. “నువ్వు సదివినావు గాబట్టి సరిపోయింది. లేకపోతే మా మరిదితో నేను జీవితమంతా కొట్లాడల్ల” అంది. ఆ తర్వాత కరెంటు బిల్లు మొదలు ఏ కాగితం వచ్చినా తెచ్చి నాకు చూపించేది. ఆమెకు చదువు రాక కాదు. ఏడో తరగతి దాకా చదువుకుంది.

ఆమె కూతురూ మా పాపా తొమ్మిదో తరగతిలో ఒకే బెంచీ. బడికి తల్లిదండ్రుల కమిటీ వేసినప్పుడు హెడ్మాస్టరు నన్ను చైర్మన్‌గా నిలబడమన్నాడు. “రాతకోతలు తెలిసినవాళ్లు ఉంటే నాకు సగం బరువు తగ్గుతుందండీ” అన్నాడు. చేతులెత్తించి ఎన్నుకున్నారు. ఆమెను కూడా సభ్యురాలిగా తీసుకున్నాం. పొయ్యి దగ్గర నుంచి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి మీటింగులో కూర్చునేది. రాగిజావలో ఉండలు కట్టిందని ఎవరైనా అంటే, “రేపు నువ్వొచ్చి తిప్పు మామా, ఆ గరిట బరువు తెలుస్తాది” అనేది.

ఆ వంట పని ఆమెకు ఎంత అవసరమో అందరికీ తెలుసు. భర్త బెంగళూరులో బిల్డింగు పనులకు పోతాడు, ఆరు నెలలకొకసారి వస్తాడు, ఒక్కోసారి రాడు. కూతురు కళ్లెదురుగా ఉండే పని అది. బడి మొదలయ్యే గంటకు వచ్చి, బడి విడిచే గంటకు కూతురితో కలిసి ఇంటికి పోయేది. ఫ్యాక్టరీకి పోతే ఎక్కువ వస్తుంది గదా అని ఎవరో అంటే, “ఎక్కువొస్తాది, బిడ్డ యాడుందో తెలీదు” అంది.

పరీక్షల కాలం. ఎన్నికలు కూడా దగ్గరికి వచ్చాయి, తేదీలు మాత్రం ఇంకా చెప్పలేదు. మా వైపు ఒక నాయకుడు పిల్లలకు పరీక్ష ప్యాడ్లు పంచుతానని కబురు పెట్టాడు. ఆయనకు ఊరి చుట్టూ ప్లాట్ల వెంచర్లు ఉన్నాయి. ఆ ప్లాట్ల కాగితాల్లో చాలా భాగం నా బల్ల మీదికే వచ్చేవి. హెడ్మాస్టరు కాస్త నసిగాడు. “ప్యాడ్లే గదా సార్, పిల్లలకు పనికొస్తాయి” అని నేనే ఒప్పించాను.

ప్యాడ్ల వెనక వైపు ఆయన ఫొటో ఉంది. ఆయన బయట వరండాలో పంచి పోతాడనుకున్నాం. తరగతి తరగతికీ వచ్చాడు. తొమ్మిదో తరగతిలో శాలువా కప్పింది నేనే. “పిల్లలకు రెండు మాటలు చెప్పండన్నా” అన్నదీ నేనే.

చెప్పాడు. ముందు చదువు గురించి, తర్వాత తమ పార్టీ ఏమేం చేసిందో, అవతలివాళ్లు వస్తే ఏమేం పోతాయో. పుస్తకాలు పోతాయన్నాడు. గుడ్డు పోతుందన్నాడు. చివర నవ్వుతూ, “ఇంటికి పోయి మీ యమ్మకు నాయనకు సెప్పండి. మీ ఇంట్లో మనకే ఓటని సెప్పేవాళ్లు చెయ్యెత్తండి సూద్దాం” అన్నాడు.

చేతులు లేచాయి. మా పాప నా వైపు చూసి ఎత్తింది. పక్కనున్న వంటామె కూతురు ఎత్తలేదు.

“ఏం పాపా, చెయ్యి నొప్పా?”

ఆ పిల్ల లేచి నిలబడి, “మా యమ్మను అడిగి సెప్తా సార్” అంది.

తరగతి అంతా నవ్వింది. ఆయన నవ్వాడు. వాకిలి దగ్గర నిలబడి నేనూ నవ్వాను. “మీ యమ్మ ఎవురు?” అని ఆయన అడిగితే వెనక బెంచీ నుంచి ఎవరో “వంటామె సార్” అన్నారు. “ఓ, మన బియ్యం వండే ఆమేనా” అన్నాడాయన. ఆ పిల్ల కూర్చుంది. ప్యాడ్ తీసుకోకుండానే కూర్చుంది. నేను అది చూశాను.

మరుసటి రోజు పొద్దున పదిహేను ఇరవైమంది తల్లిదండ్రులు హెడ్మాస్టరు గదికి వచ్చారు. నన్ను పిలిపించారు. ఆటో నడిపే ఒకాయన ముందుగా మాట్లాడాడు.

“సార్, మీరు లెక్కలు సెప్పండి, ఇంగ్లీషు సెప్పండి. మా ఓటు సంగతి మేము సూసుకుంటాము.”

“రెండు మంచి మాటలు చెప్పి పోయినాడప్పా. ప్యాడ్లిచ్చిన మనిషిని నోరు మూసుకొమ్మంటామా?” అన్నాడు హెడ్మాస్టరు. ఆయనకు రిటైర్మెంటు దగ్గర్లో ఉంది. గొడవ అనే మాట వింటేనే అరచేతులు తుడుచుకునేవాడు.

“పసిబిడ్డల్ని నిలబెట్టి మీ యమ్మ ఓటు ఎవురికని అడగడం మంచి మాటా సార్?” అంది వంటామె. “నా బిడ్డ రాత్రి అన్నం తినలా. నా వల్ల నీ పని పోతాదా మా అని అడిగింది. ఆ మాట నా బిడ్డ నోట్లోకి ఎట్ట వచ్చింది?”

ఆటో ఆయన ఆ మాటను తేలిక చేయబోయాడు. “మావోడు రెండు చేతులూ ఎత్తినాడంట సార్. రెండు ప్యాడ్లిస్తారనుకున్నాడు, ముండాకొడుకు.” కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

“ఈ పార్టీ అని గాదు సార్. ఆ పార్టీవాళ్లొచ్చినా వద్దు. క్లాసు రూములోకి ఎవురూ రాగూడదు. అదొగటి రాసియ్యండి, మేము పోతాము.”

హెడ్మాస్టరు రాసివ్వడానికి ఒప్పుకోలేదు. తన చేతుల్లో లేదన్నాడు. అయితే మండల విద్యాధికారికే అర్జీ పెడతామని అందరూ నా వైపు తిరిగారు. రాతకు నేనున్నానని వాళ్ల ధైర్యం.

“తొందరెందుకు, మాట్లాడి సూద్దాం” అన్నాను.

ఆటో ఆయనకు అర్థమైంది. వాళ్లే రాసుకున్నారు, గీతల నోటుపుస్తకం కాగితం మీద. మొదటి సంతకం ఎవరు పెట్టాలని వెనకాముందూ ఆడుతుంటే వంటామె పెట్టిందట.

విద్యాధికారి నాలుగు రోజులకు వచ్చాడు. హెడ్మాస్టరు గదిలో ఆ కాగితం బల్ల మీద పెట్టి మొదటి సంతకం మీద వేలు ఆనించాడు.

“ఈమె ఎవరు?”

“మన వంటామె సార్” అన్నాడు హెడ్మాస్టరు.

“మన కూడు వండుతా మన మీదే అర్జీనా?” అన్నాడు అధికారి. తర్వాత నాతో మెత్తగా మాట్లాడాడు. పైకి జవాబు పంపాలి, కమిటీ తీర్మానం ఒకటి ఉంటే ఫైలు మూసేయవచ్చు అన్నాడు. “అసలు ఏమీ జరగలేదని ఉండాలి. ఇదంతా ఎవరు చేయించినారో కూడా ఉంటే మాకు సులువు.”

ఆ సాయంత్రం నాయకుడు ఫోన్ చేశాడు. బడి మాట ఒక్కటే అన్నాడు. “నువ్వు చైర్మనంట గదప్పా, నాకు తెల్దే.” మిగతాదంతా కొత్త వెంచర్ గురించి. ప్లాట్లన్నీ ఒకేసారి రిజిస్ట్రేషన్‌కు వస్తున్నాయట. “కాయితాలన్నీ నీ కాడికే పంపిస్తాలే” అన్నాడు. బెదిరించలేదు. బెదిరించి ఉంటే నేను ఈపాటికి నాకు నేను ఏదో సర్దిచెప్పుకొనేవాడిని.

కమిటీ మీటింగు పిలిచాం. మా బడిలో ఒక పద్ధతి ఉంది. చాలా బళ్లలో ఉందని తర్వాత తెలిసింది. సంతకాలు ముందు, తీర్మానం తర్వాత. కూలికి పోయేవాళ్లు, ఇంట్లో పని వదిలి వచ్చేవాళ్లు కూర్చోలేరు. అందుకని తీర్మానాల పుస్తకంలో పైన ఖాళీ వదిలి కింద సంతకాలు చేసి వెళతారు. పైన ఏముండాలో తర్వాత మేము నింపుతాం. మరుగుదొడ్ల మరమ్మతు, నీళ్ల ట్యాంకు, యూనిఫాం గుడ్డ, ఇలాంటివన్నీ అలాగే నింపాం. ఎవరికీ నష్టం జరగలేదు కాబట్టి ఎవరికీ తప్పనిపించలేదు.

వంటామె అందరికన్నా ముందే వచ్చింది. పొయ్యి మీద సాంబారు ఉంది. పెన్ను తీసుకొని అడిగింది.

“ఏం రాస్తావన్నా?”

“ఇట్టాంటిది మళ్లీ జరగగూడదని రాస్తా.”

“పార్టీ పేరు రాయొద్దు. యే పార్టీ అయినా అని రాయి.”

“అట్నే రాస్తా.”

సంతకం పెట్టి వంటకు పోయింది. అబద్ధం చెబుతున్నానని ఆ క్షణంలో నాకు తెలుసా అని చాలాసార్లు నన్ను నేను అడిగి చూసుకున్నాను. తెలుసు.

అందరూ వెళ్లాక పుస్తకం ముందు పెట్టుకున్నాను. వచ్చిన అతిథి క్రమశిక్షణ, చదువు గురించి మాత్రమే ప్రసంగించారని రాశాను. ఇంతవరకు హెడ్మాస్టరు చెప్పినది. తర్వాతి వాక్యం ఎవరూ చెప్పలేదు. ‘వంట పనిలో ఉన్న సభ్యురాలు వ్యక్తిగత కారణాల వలన తోటి తల్లిదండ్రులను రెచ్చగొట్టి, విద్యార్థులలో రాజకీయాలకు తావిచ్చినట్లు కమిటీ గుర్తించినది.’ ఇది నా సొంత వాక్యం. కొట్టివేత ఒక్కటి కూడా లేకుండా వచ్చింది. చివర అలవాటుగా చేయి ముందుకు పోయింది: ‘పై విషయములు చదివి వినిపించగా అందరూ సరియని ఒప్పుకొని సంతకములు చేయడమైనది.’

హెడ్మాస్టరు కళ్లద్దాలు పెట్టుకొని చదివాడు. చివరి వాక్యం దగ్గర ఆగాడు.

“వినిపించలేదు కదండీ.”

“అది లేకపోతే చెల్లదు సార్” అన్నాను.

ఆయన పుస్తకం మూశాడు. ఆయనకున్నంత సంకోచం కూడా నాకు లేకపోయింది.

మూడు వారాలకు ఆమెను తీసేస్తూ కాగితం వచ్చింది. దానికి తీర్మానం నకలు జతచేశారు. ఆమె ఆ రెండు కాగితాలూ పట్టుకొని మా షెడ్డుకు వచ్చింది. నా బల్ల ముందు ఒక కుటుంబం భాగపరిష్కారం రాయించుకుంటూ కూర్చుని ఉంది. ఆమె పక్కన నిలబడి వాళ్లది అయ్యేదాకా ఎదురుచూసింది. ఆ అరగంట నేను వాళ్ల హద్దుల్ని మామూలు కంటే నెమ్మదిగా, మామూలు కంటే గట్టిగా చదివాను.

వాళ్లు లేచాక కాగితాలు బల్ల మీద పెట్టింది.

“నా సంతకం మీద నా గురించే రాసినావా అన్నా?”

“హెడ్మాస్టరు సెప్పినాడు, నేను రాసినా. నా చేతిలో ఏముండాది?”

ఆమె ఆ వాక్యం మీద వేలు పెట్టింది. “ఆ సారుకు ఇట్టాంటి మాటలు యాడొస్తాయి? నీ రాత నాకు తెల్దా?”

పక్క బల్ల లేఖరి టైపు ఆపాడు. నేను తల దించుకొని స్టాంపు కాగితాలు సర్దాను.

“నువ్వు రాసినావు గదా అని నేను సదవలా. నాకు సదువొచ్చు. పొయ్యి ఆర్పేసొచ్చి కూసోని సదవాల్సింది” అంది. కోపం నా మీద కంటే తన మీదే ఎక్కువ ఉన్నట్టు మాట్లాడింది. “సరే. నా పని పోనీ. ఆ పుస్తకంలోనే, ఈ మాట తప్పు అని ఒగ ముక్క రాయి. నా బిడ్డ ఆ బడిలోనే సదవల్ల. రేపు ఎవురైనా ఆ పేజీ తీసి సూపిస్తే నా బిడ్డ తల యాడ పెట్టుకుంటాది?”

“రాస్తా” అన్నాను.

రాయలేదు. తర్వాతి మీటింగులో చైర్మన్ పదవికి రాజీనామా ఇచ్చాను. రాజీనామాలో ‘అనారోగ్య కారణముల వలన’ అని రాశాను. నాకు జలుబు కూడా లేదు. అది ఒక రకంగా నాకు నేను వేసుకున్న శిక్ష అని కొన్నాళ్లు అనుకున్నాను. నిజానికి ఆ పుస్తకం మళ్లీ నా చేతికి రాకుండా చేసుకున్నాను, అంతే. వెంచర్ కాగితాలు నాయకుడు చెప్పినట్టే నా బల్లకే వచ్చాయి.

వంటకు వేరేవాళ్లు వచ్చారు. మా పాప ఇంట్లో రెండు మూడుసార్లు, “సాంబారు నీళ్ల మాదిరి ఉంటాది నాయనా” అంది. తర్వాత ఒక రోజు క్యారియర్ సర్దుకుంటూ, నా వైపు చూడకుండా, “నువ్వే రాసినావంట గదా” అంది. ఆ పిల్ల ఇంకా పక్కనే కూర్చుంటుందా అని అడిగాను. “కూసుంటాది. మాట్లాడదు” అంది. అప్పటి నుంచి మా పాప ప్రోగ్రెస్ కార్డు మీద నా సంతకం అడగదు. వాళ్లమ్మ దగ్గర పెట్టించుకుంటుంది.

వంటామె మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోవడం మొదలుపెట్టింది. సీజన్‌లో పొద్దున వ్యాను వస్తుంది, చీకటి పడ్డాక దింపుతుంది. కూతురు ఇంట్లో ఒక్కతే.

ఎన్నికలు జరిగాయి. అవతలి పక్షం గెలిచింది. బడికి కొత్త కమిటీ వచ్చింది. ఒక రోజు ఆ పక్షం మనిషి ఒకడు నా షెడ్డుకు వచ్చి కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. ఆమె విషయం అతనికి తెలుసు.

“ఆమెకు అన్యాయం జరిగింది గదన్నా. మళ్లీ వంటకు పెట్టిద్దాం. మనం వచ్చినాక గూడా సెయ్యకపోతే ఎట్ట? నువ్వు తెలిసినోడివి, పోయి మాట్లాడు” అన్నాడు. లేచేటప్పుడు ఇంకో మాట చేర్చాడు. “వచ్చే వారం బడిలో మనవాళ్ల కార్యక్రమం ఉండాది. ఆమె వచ్చి, వాళ్లు ఎట్ట తీసేసినారో పిల్లోళ్ల ముందర రెండు మాటలు సెప్తే సాలు.”

అతను వెళ్లాక నాకు ఎన్నాళ్లకో మనసు తేలికైనట్టు అనిపించింది. పోగొట్టినది తిరిగి ఇప్పిస్తున్నాననుకున్నాను. ఆ ఆదివారం సాయంత్రం దారిలో పళ్లు కొన్నాను. ఆమె ఇంటికి అంతకుముందు ఎప్పుడూ పోలేదు, కానీ హద్దులు నాకు నోటికి వచ్చు గదా, వెతుక్కోనక్కర్లేకపోయింది.

ఫ్యాక్టరీకి సెలవు గనక ఆమె ఇంట్లోనే ఉంది. లోపలికి రమ్మంది. కూతురు నీళ్లు తెచ్చి పెట్టి వెనక గదిలోకి పోయింది. నేను సంతోషంగా మొదలుపెట్టాను. పని తిరిగి వస్తుందన్నాను. ఆమె ముఖంలో వెలుగు వచ్చిన మాట నిజం. “బడి విడిచే టయానికి ఇంటికి రావచ్చు” అని తనలో తాను అనుకున్నట్టు అంది. అప్పుడు కార్యక్రమం సంగతి చెప్పాను.

ఆమె ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టింది.

“యాడ మాట్లాడల్ల?”

“బడిలోనే. పిల్లల ముందర. రెండు మాటలు.”

“అన్నా, ఆ పొద్దు నేను దేనికి కొట్లాడినాను?”

నాకు అప్పుడు గానీ తట్టలేదు. ప్రమాణం చేసి చెప్పగలను, ఆమె ఇంటి మెట్టు ఎక్కేదాకా, గ్లాసు నీళ్లు తాగేదాకా తట్టలేదు. ఏ మాట కోసం ఆమె పని పోయిందో, ఆ మాటనే తప్పమని అడగడానికి పళ్లు పట్టుకొని పోయాను.

“యే పార్టీ అయినా అని రాయమన్నాను నీకు. గుర్తుండాదా?” అంది. “నాకు ఆ పని కావల్ల. ఈ పొద్దు సెప్పినా రేపు పొద్దున్నే పోయి పొయ్యి ముట్టిస్తా. పిల్లోళ్ల ముందర మాత్రం నేను సెప్పను. నేను సెప్తే, ఆ పొద్దు ఆయన సెప్పిందీ తప్పు గాదు గదా. నేను సెప్పింది సెప్పినట్టే పోయి నిన్ను పంపినాయనకు సెప్పు. ఆమె ఇట్టంది అని సెప్పు.”

చెబుతానన్నాను. పళ్లు బల్ల మీద పెడితే, “బిడ్డ ఉండాది, తీసుకుంటాను” అంది. వద్దంటుందని భయపడుతూ ఉన్నాను. తీసుకోవడం ఇంకా కష్టంగా ఉంది.

మరుసటి రోజు ఆ మనిషి షెడ్డు ముందు బండి ఆపి, దిగకుండానే, “ఏమనింది?” అని కేక వేశాడు. అతని వెనక ఇద్దరు ఉన్నారు. పక్క బల్లల వాళ్లంతా తలలెత్తారు. దారి పొడవునా నేను ఆమె మాటల్ని వరుసగా గుర్తు పెట్టుకొని వచ్చాను, దస్తావేజు మాదిరి, ఒక్క అక్షరం పోకుండా.

“ఆమెకు ఒంట్లో బాగలేదంటప్పా” అన్నాను. “వంట సెయ్యలేనంటా ఉండాది.”

“అట్నా. సరే, వేరేవాళ్లను సూద్దాంలే” అని బండి స్టార్ట్ చేశాడు.